బొర్రాలో ఒక గొడ్డలి

సాయం కోరి వచ్చిన అన్సారీ ఇంట్లోని దుప్పటినీ గిన్నెనూ దైవప్రవక్త (స) రెండు దిర్హములకు అమ్మించారు. ఒకటి తిండికి, మరొకటి గొడ్డలికి. పదిహేను రోజుల్లో అతని చేతిలో పది దిర్హములు (అబూదావూద్).

బొర్రా గుహలకు ఘాట్ రోడ్డెక్కే కార్లకు దుమ్మూ బురదా తప్పవు. అక్కడి గిరిజన యువకుడికి మనమివ్వగల గొడ్డలి: రెండు బకెట్లు, కారు షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డలు. ఒక బకెట్ షాంపూ నీళ్లకు, రెండోది గుడ్డ జాడించడానికి. లేకుంటే ఇసుక రేణువులు పెయింటును గీస్తాయి. బట్టల సబ్బుపొడి అసలే వద్దు. వ్యాక్యూమ్ క్లీనర్ సంపాదన మొదలయ్యాకే.

షెడ్డుకు మనం స్థలం కొనలేము, 1/70 చట్టం ఒప్పదు. మురికినీరు గోస్తనిలో కలవకూడదు. దిగువన తాటిపూడి నుంచి విశాఖ తాగేది ఆ నీళ్లే.

సొమ్మును ఖర్జె హసనాగా, వడ్డీ లేకుండా ఇద్దాం. తిరిగొచ్చినది మరొకరి బకెట్లకు.