వాహనములలో వడి, ద్రవ్యరాశి, యాంత్రిక సామర్థ్యము

బలము, శక్తి, సామర్థ్యము అను మూడు మాటలను నిత్యవ్యవహారమున మనము ఒకే అర్థమున వాడుచుందుము. భౌతికశాస్త్రమున ఇవి మూడును వేర్వేరు. మన ఉర్దూ మాధ్యమ విద్యార్థులు వీనినే ఖువ్వత్, తవానాయీ, తాఖత్ అని చదువుదురు. పేర్లు మారినను భేదము మారదు. ఈ భేదము పరీక్షలో మార్కుల కొరకు మాత్రమే తెలియదగినది కాదు. బస్సెక్కు ప్రయాణికుడును, మోటారు సైకిలు నడుపు విద్యార్థియు ప్రతిదినము దీనికి లోబడియే ఉన్నారు. వాహనము బరువు పెరిగినపుడు ఏమగును, వడి పెరిగినపుడు ఏమగును, ఈ రెండింటిలో ఏది ఎక్కువ మూల్యమును కోరును అను విషయములను ఈ వ్యాసమున పరిశీలింతము.

బలము ఒక వస్తువును కొంత దూరము కదలించినచో పని జరిగినదందురు. పని చేయగల స్థితి శక్తి. ఆ పని ఎంత త్వరగా జరిగినదో తెలుపునది సామర్థ్యము. ఒక ధాన్యపు బస్తాను ఒకడు ఒక నిమిషములోను, వేరొకడు రెండు నిమిషములలోను మేడపైకి చేర్చినచో ఇద్దరును బస్తాపై చేసిన పని సమానమే. కాని మొదటివాని సామర్థ్యము రెండింతలు. స్కాట్లండు దేశీయుడగు జేమ్స్ వాట్ (1736-1819) తన ఆవిరి యంత్రముల విలువ కొనువారికి తెలియుటకై వానిని గుర్రముల పనితో పోల్చెను. నిమిషమునకు 33,000 అడుగు-పౌనుల పనిని ఒక అశ్వసామర్థ్యముగా నిర్ణయించెను. మెకానిక్కులు హార్స్ పవర్ అని పిలుచునది ఇదియే. ఇది సుమారు 746 వాట్లకు సమానము.

పని అనగా బలము, దూరముల లబ్ధము. దానిని కాలముచే భాగించినచో సామర్థ్యము = బలము × వడి అని తేలును. ఇక ముందు చెప్పబోవు లెక్కలకు ఈ సూత్రమే ఆధారము.

హైదరాబాదు సంస్థానమున 1932లో నిజాం స్టేట్ రైల్వే వారు 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించిరి. నాటికిని నేటికిని బస్సులు ఎంతో మారినవి. కాని కొండ ఎక్కు బస్సు చెల్లింపవలసిన లెక్క మారలేదు. ఖాళీ బస్సు 7 టన్నులనియు, ఒక్కొక్కరు 60 కిలోల చొప్పున 50 మంది ఎక్కిరనియు అనుకొందము. మొత్తము 10 టన్నులు. ప్రతి 20 మీటర్లకు 1 మీటరు ఎత్తు లేచు ఘాటు రోడ్డుపై భూమి దానిని 4,900 న్యూటన్ల బలముతో వెనుకకు లాగును. గంటకు 36 కిలోమీటర్ల వడితో, అనగా సెకనుకు 10 మీటర్ల చొప్పున ఎక్కుటకు 49,000 వాట్లు, అనగా దాదాపు 66 అశ్వసామర్థ్యములు ఈ ఒక్క పనికే కావలెను.

పండుగనాడు అదే బస్సులో 75 మందియు, సామానును చేరి బరువు 12 టన్నులైనదనుకొందము. అదే వడికి 58,800 వాట్లు కావలెను. ఇంజను అంత ఈయజాలనిచో వడి గంటకు 30 కిలోమీటర్లకు తగ్గును. అప్పుడు డ్రైవరు గేరు తగ్గించును. గేరు కొత్త సామర్థ్యమును సృష్టింపదు. వడిని తగ్గించి, దానికి బదులుగా చక్రముల వద్ద బలమును పెంచును.

ఇక సమతలమున నిలిచియున్న వాహనమును పరుగెత్తించుటను చూతము. గతిజశక్తి ద్రవ్యరాశికిని, వడి యొక్క వర్గమునకును అనులోమానుపాతమున ఉండును. మన 10 టన్నుల బస్సుకు 36 కిలోమీటర్ల వడిలో 5 లక్షల జౌళ్ల గతిజశక్తి ఉండును. 72 కిలోమీటర్ల వడిలో అది 20 లక్షల జౌళ్లగును. ద్రవ్యరాశి రెండింతలైన శక్తి రెండింతలు. వడి రెండింతలైన శక్తి నాలుగింతలు.

గాలి ఇంతకంటె కఠినమైనది. వాయునిరోధము దాదాపుగా వడి యొక్క వర్గమును బట్టి పెరుగును. సామర్థ్యము కొరకు దానిని మరల వడిచే గుణింపవలెను గనుక అది ఘనమగును. వడి రెండింతలైన, గాలిని చీల్చుటకు ఎనిమిదింతల సామర్థ్యము కావలెను. ఇందు బరువుతో పనిలేదు. వాహనము ఆకారమును, వెడల్పును, ఎత్తును మాత్రమే లెక్కకు వచ్చును. పందెములలో మోటారు సైకిలు నడుపువారు ముందుకు వంగుట ఇందుకే.

ఇంజను ఇచ్చిన శక్తిని బ్రేకులు తిరిగి తీసికొనవలెను. మన బస్సు 20 సెకన్లలో 72 కిలోమీటర్ల వడిని అందుకొన్నచో, ఇతర నష్టములు విడిచి, ఇంజను చూపిన సగటు సామర్థ్యము 100 కిలోవాట్లు. అడ్డముగా బాలుడు వచ్చినపుడు అదే బస్సును 4 సెకన్లలో నిలుపవలెనన్న 500 కిలోవాట్ల చొప్పున శక్తిని వేడిగా మార్చవలెను. అప్పటికిని బస్సు 40 మీటర్లు సాగియే ఆగును. డ్రైవరు ప్రమాదమును గుర్తించి బ్రేకు తొక్కుటకు ఒక సెకను పట్టినచో మరి 20 మీటర్లు కలియును. 36 కిలోమీటర్ల వడిలో ఈ రెండును కలిసి 20 మీటర్లే. ఘాటు దిగునపుడు ఎక్కునప్పటి 49 కిలోవాట్లు బ్రేకుల మీద పడి అవి కాగిపోయి పట్టు తప్పవచ్చును. తక్కువ గేరులో దిగుమనుట ఇంజను చేతనే ఆ భారమును మోయించుటకు.

మోటారు సైకిలుపై ముగ్గురెక్కు మిత్రులకు కూడ ఈ లెక్క వర్తించును. బండి 150 కిలోలు, ఒక్కడు 60 కిలోలు, మొత్తము 210, ముగ్గురైనచో 330. బ్రేకు బలము మారనిచో ఆగు దూరము ఒకటిన్నర రెట్లకు పైబడును. వడిని 40 నుండి 80 కిలోమీటర్లకు పెంచినచో అది నాలుగింతలు. రెండును కలిసినచో ఆరు రెట్లకు మించును.

బరువు పెరిగినంతలే మూల్యమును కోరును. వడి వర్గమును కోరును. గాలి ఘనమును కోరును. 12 కిలోమీటర్ల దూరమునుండి కళాశాలకు వచ్చు విద్యార్థికి 40 కిలోమీటర్ల వడిలో 18 నిమిషములును, 80 కిలోమీటర్ల వడిలో 9 నిమిషములును పట్టును. మిగిలిన 9 నిమిషములు ఏ మూల్యమునకు లభించినవో ప్రతి విద్యార్థియు స్వయముగా గుణించి చూచుకొనగలడు.