తోలుకీ గుడ్డకీ జిగురు ఎందుకు అంటదు?

ఫ్రెండ్స్, మన గుణదల నుంచి ఆటోనగర్ ఎంతో దూరం లేదు. అక్కడ సీట్లు కుట్టే షాపుల్లో ఘాటుగా ముక్కుకి తగిలే వాసన ఎక్కువగా జిగురులోని ద్రావకాలదే. పసుపు రంగు 'సొల్యూషన్' సాధారణంగా నియోప్రీన్ రబ్బరుని టోలిన్ లాంటి ద్రావకంలో కరిగించి చేస్తారు. 1960లలో జపాన్‌లో చెప్పులు తయారుచేసే కార్మికులకి జిగురులోని హెక్సేన్ ఆవిరి వల్ల నరాలు దెబ్బతిని, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కి బలహీనపడ్డాయి. గాలి ఆడని చిన్న గదిలో రోజంతా పనిచేసేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

దీనికి ఒక ప్రత్యామ్నాయం నీటి ఆధారిత అక్రిలిక్ జిగురు. పాలీ బ్యూటైల్ అక్రిలేట్ సుమారు -54 డిగ్రీల వరకూ మెత్తగానే ఉంటుంది. పాలీ మిథైల్ మెథాక్రిలేట్ 105 డిగ్రీల దాకా గట్టిగా ఉంటుంది. ఈ రెండు మోనోమర్లనీ తగిన పాళ్ళలో కలిపి పాలిమర్ చేస్తే, సీటుతో పాటు వంగే జిగురు వస్తుంది.

మరి అందరూ ఇదే ఎందుకు వాడరు? ద్రావకం కొంత నూనెని కరిగించుకుని లోపలికి పోతుంది. నీరు అలా చేయలేదు. నీటి ఉపరితల తన్యత 72 మిల్లీన్యూటన్లు/మీటరు, నూనెలది సుమారు 30. సర్ఫాక్టెంట్లు నీటి తన్యతని తగ్గించినా, జిడ్డు మీద జిగురు సరిగ్గా పరుచుకోదు. తోలులో మెత్తదనం కోసం పట్టించిన నూనె, పైన మెరుపు పూత ఉంటాయి. కొత్త నూలు గుడ్డలో గంజి, పాలిస్టర్‌లో సిలికాన్ సాఫ్ట్‌నర్ ఉండొచ్చు.

ముగ్గు వేసే ముందు వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లుతాం కదా, ఇక్కడా అంతే:

1. తోలు అతికే వైపు పై పూత పోయేదాకా ఉప్పు కాగితంతో రుద్దాలి. మాస్క్ తప్పనిసరి. దుమ్ము దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి.
2. గుడ్డని వేడినీళ్ళలో డిటర్జెంట్‌తో ఉతికి, బాగా జాడించి ఆరబెట్టాలి.
3. ఒక నీటి చుక్క వేసి చూడండి. పూసలా నిలబడితే మళ్ళీ శుభ్రం చేయాలి, పరుచుకుంటే సిద్ధం.
4. నీళ్ళు కలిపిన పలుచని జిగురు మొదటి పూతగా వేస్తే పోగుల సందుల్లోకి దిగుతుంది. అది ఆరాక రెండో పూత వేసి, తడి ఉండగానే అతికించి బరువు పెట్టాలి.

పరిశ్రమల్లో పాలిస్టర్‌కి ప్లాస్మా, కరోనా పద్ధతులు వాడతారు. అవి ఉపరితలం మీద ఆక్సిజన్ గుంపుల్ని చేర్చి తడిచే గుణం పెంచుతాయి. మన కృష్ణా తీరంలో గాలి తేమ ఎక్కువ కాబట్టి, ఆరడానికి కనీసం ఒక రోజు ఇవ్వండి.

ఫలితం తేల్చేది పీల్ పరీక్ష. 25 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలు అతికించి, స్ప్రింగ్ త్రాసుతో ఒకే వేగంతో లాగండి. ఎంత బలం పట్టిందో రాసుకోవడంతో ఆగకండి, ఊడిన చోటు కూడా చూడండి. జిగురంతా ఒకే వైపు ఉండి రెండోది నున్నగా కనిపిస్తే, ఆ రెండో వైపు ఉపరితలం సరిగ్గా సిద్ధం కాలేదన్నమాట. రెండు వైపులా జిగురు ఉంటే జిగురే తెగింది, దాని బలం పెంచాలి. తోలు పోగులే లేచి వచ్చాయా? మీ అతుకు తోలు కంటే గట్టిదన్నట్టు!

మినీ ప్రాజెక్టు టాపిక్ కోసం వెతుకుతున్నారా? శుద్ధి చేసినవి 5, చేయనివి 5 పట్టీలు చాలు. ఫలితం బాగుంటే ఒక సీట్ల షాపులో చూపించండి. రోజూ ఆ ఆవిరి పీల్చేవాళ్ళకి మన చదువు పనికొస్తుంది.