నల్ల కారు మీద సన్నటి గీతలు

ప్రశ్న: ఎండలో చూస్తే మా నల్ల కారు బానెట్ నిండా సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. మెషిన్ కొని ఇంట్లోనే పాలిష్ చేసుకోవచ్చా? పెయింట్ పోతుందేమోనని భయం.
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: చేసుకోవచ్చు. అయితే రోటరీ మెషిన్ జోలికి వెళ్లకండి. ఒకేచోట గిర్రున తిరిగి వేడి పుట్టిస్తుంది, పెయింట్ కాలిపోవచ్చు. తిరుగుతూనే అటూ ఇటూ కదిలే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ కొత్తవారికి క్షేమం.

పాలిష్ గీతలను పూడ్చదు. రంగు మీదుండే క్లియర్ కోట్‌ను కొద్దిగా అరగదీస్తుంది. ఆ పొర మందం చాలా కార్లలో 40–50 మైక్రాన్లే. అరిగింది తిరిగి రాదు. అందుకే గోటికి తగిలేంత లోతైన గీతలను వదిలేయండి.

ముందుగా కారును నీడలో శుభ్రంగా కడిగి, అంటుకున్న మురికిని క్లే బార్‌తో తీయండి. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు మాస్కింగ్ టేప్ వేయండి. మెత్తటి ఫోమ్ ప్యాడ్‌పై నాలుగు చుక్కల ఫినిషింగ్ పాలిష్ పెట్టి, ఒకటిన్నర అడుగుల చదరంలో ప్రయత్నించండి. తక్కువ వేగంలో పరిచి, వేగం పెంచి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నెమ్మదిగా నడపండి. గట్టిగా అదమొద్దు. మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి చూడండి. తేడా లేకపోతేనే ఇంకాస్త గరుకైన కాంపౌండ్ వాడండి. అంచుల దగ్గర పొర పలచగా ఉంటుంది, అక్కడ మెషిన్‌ను ఒకేచోట నిలిపి ఉంచకండి.

చివర్లో వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ పట్టించండి. ఇకపై పొడిగుడ్డతో దుమ్ము తుడవడం మానేయండి. ఈ గీతలకు ఒక ముఖ్య కారణం అదే.