చేమంతి కుండీ, ఒక నోటుపుస్తకం

దసరా సెలవుల్లో పిల్లల చేత మొక్కలు నాటించాలని చాలామంది తల్లిదండ్రులకు ఉంటుంది. ఎక్కువగా మెంతులో ధనియాలో చల్లిస్తారు. మొలకలు రాగానే పిల్లలకు సంబరమే గానీ, నెల తిరిగేసరికి కుండీ ఖాళీ. ఈసారి ఏళ్ల తరబడి బతికే మొక్క ఒకటి ఇచ్చి చూడండి. నన్నడిగితే చేమంతి.

కార్తీకం వచ్చేసరికి నర్సరీల్లో మొగ్గ తొడిగిన చేమంతులు బారులు తీరతాయి. గోదావరి జిల్లాల వాళ్లకు కడియం నర్సరీలు ఉండనే ఉన్నాయి. రంగు పిల్లలనే ఎంచుకోనివ్వండి. పూలు వాడాక చాలామంది మొక్కను పీకి పారేస్తారు. అసలు కథ అక్కడే మొదలు. ఎండిన కాడల్ని జానెడు ఎత్తుకు కత్తిరిస్తే మొదలు చుట్టూ పిలకలు వస్తాయి. వేసవిలో కాస్త నీడపట్టున కాపాడి, తొలకరికి వేళ్లతో సహా విడదీసి కొత్త కుండీల్లో నాటాలి. కొమ్మల చివర్లు తుంచుతూ ఉంటే గుబురుగా పెరుగుతుంది. ఆ పని పిల్లలకే అప్పగించండి, వాళ్లు గిల్లినా ఇంట్లో ఎవరూ తిట్టని చోటు అదొక్కటే.

రాత్రులు పెరిగితేనే చేమంతికి మొగ్గ పడుతుంది. వచ్చే భాద్రపదంలో ఒక కుండీ వీధి దీపం వెలుగు పడేచోట, ఇంకోటి చీకట్లో పెట్టించండి. ఏది ముందు పూస్తుందో పందెం వేసుకోమనండి. జవాబు మాత్రం మీరు చెప్పేయకండి.

ఇంకా ఏమేం పెంచాలో ఫోనులో వెతికే ముందు వీధిలో తిప్పండి. బతుకమ్మ పూలకు వెళ్లినప్పుడు తంగేడు ఏళ్లపాటు నిలిచే పొద అనీ, గునుగు ఏటా విత్తనం నుంచి మొలిచేదనీ చూపించవచ్చు. తెల్లారకముందే లేపగలిగితే పారిజాతం కింద రాలిన పూలు చూపండి. చలికాలంలో ఎవరింటి గోడ పక్కనైనా డిసెంబరాలు కనిపిస్తే, "బామ్మగారూ, వానాకాలంలో ఒక కొమ్మ ఇస్తారా?" అని పిల్లనే అడగనివ్వండి. మీరు కల్పించుకోకండి. చూసినవన్నీ ఒక నోటుపుస్తకంలో బొమ్మ గీసి, అక్కడ ఎండ ఎప్పటిదాకా ఉంటుందో రాయమనండి. అక్షరదోషాలు దిద్దే చోటు కాదది.

గన్నేరు మాత్రం చిన్నపిల్లలున్న ఇంట వద్దు. పచ్చగన్నేరైతే మరీను. ఆకు నుంచి గింజ దాకా విషమే.

మే ఎండకు మొక్క పోవచ్చు. పిల్ల నిద్రపోయాక గుట్టుగా కొత్తది తెచ్చి పెట్టకండి. ఇద్దరూ కలిసి కుండీ బోర్లించి వేళ్లు చూడండి. నల్లబడి మెత్తగా ఉంటే నీళ్లు ఎక్కువైనట్టు, ముద్దుకొద్దీ పిల్లలు పోసేదీ ఎక్కువే. పోసే ముందు మట్టిలో వేలు గుచ్చి చూడడం అప్పుడే నేర్పండి. రెండో కణుపు దగ్గర తడి తగిలితే ఆ పూటకు నీళ్లక్కర్లేదు.