ప్లాటినం నాణెం కొంటున్నారా? బిల్లులో ఏం ఉందో చూసుకోండి

‘పిల్ల పెళ్లికి పనికొస్తుందని కొన్నేళ్ల కిందట పది గ్రాముల ప్లాటినం నాణెం కొన్నాం. ఇప్పుడు అవసరం పడి అమ్మబోతే కొన్న షాపువాళ్లే వద్దంటున్నారు. పక్క షాపులో అడిగితే ప్లాటినం మేం కొనమండీ అన్నారు. ఇంకో చోట సగం ధరకు అడిగారు. మమ్మల్ని మోసం చేసినట్టేనా? కేసు వేయొచ్చా?’

పాఠకుల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది. నాణెం నకిలీదైనా, చెప్పిన స్వచ్ఛత లేకపోయినా చట్టం గట్టిగా మీ వైపే ఉంటుంది. నాణెం అసలైనదే అయి, తిరిగి కొంటామని షాపు ఎక్కడా మాట ఇవ్వకపోతే మాత్రం, కొని తీరాలని ఆ షాపును బలవంతపెట్టే చట్టం ఏదీ లేదు. చాలామంది ఈ రెంటినీ కలిపేసి, గెలవగలిగిన కేసును వదిలేసి గెలవలేని దాని వెంట తిరుగుతున్నారు.

బంగారం కొని కొని మనకు ఒక ధీమా అలవాటైంది. నగ మీద హాల్‌మార్క్ ముద్ర ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ నంబరు లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. ఆ నంబరును భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నడిపే బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ చరిత్ర తెలుస్తుంది. ముద్రలో చెప్పిన స్వచ్ఛత కంటే తక్కువని తేలితే, ఆ తేడా విలువకు రెండింతల పరిహారమూ పరీక్ష ఖర్చూ ఇవ్వాలని 2018 నాటి బీఐఎస్ నిబంధనల్లో 49వ నిబంధన చెబుతోంది. ఈ రక్షణ ఏదీ ప్లాటినానికి లేదు. బీఐఎస్ హాల్‌మార్కింగ్ బంగారానికీ వెండికీ మాత్రమే. ప్లాటినం నగల మీద కనిపించే ‘పీటీ 950’ ముద్ర, వెంట ఇచ్చే కార్డు పరిశ్రమ తనకు తానుగా పెట్టుకున్న ఏర్పాటు. నగలకు అలాంటి పథకాన్ని ప్లాటినం గిల్డ్ ఇంటర్నేషనల్ నడుపుతోంది. అది పనికొచ్చే ఏర్పాటే, కాదనను. కానీ దాని వెనక ప్రభుత్వ ముద్ర లేదు. నాణెం ప్యాకెట్ మీద ఉండే 999.5 అనే అంకెకైతే తయారుచేసిన కంపెనీ మాట ఒక్కటే ఆధారం.

నాణెం అనే పేరు చూసి కూడా భ్రమపడొద్దు. నగల షాపుల్లో అమ్మేది రిజర్వు బ్యాంకు చెలామణిలో పెట్టిన నాణెం కాదు, నాణెం ఆకారంలో ఉన్న లోహపు బిళ్ల. కెనడా 1988 నుంచి, అమెరికా 1997 నుంచి విడుదల చేస్తూ వచ్చిన ప్లాటినం నాణేలకు ఆ దేశాల్లో ముఖ విలువ ఉంది. అమెరికా ఒక ఔన్సు ఈగిల్ నాణెం మీద వంద డాలర్లని ఉంటుంది. మన దేశంలో వాటికీ చెలామణి లేదు.

అందుకే ప్లాటినం విషయంలో మీ హక్కంతా బిల్లు మీదే నిలబడుతుంది. చాలామంది దగ్గర ఉండే బిల్లులో ‘పీటీ కాయిన్, 1 నెం., 10.000’ అని ఒక్క వరస ఉంటుంది. పక్కన మొత్తం, కింద సంతకం. కేసు దాకా వెళ్తే ఆ వరసతో ఏం నిరూపించగలం? స్వచ్ఛత ఎంతని చెప్పారో అందులో లేదు. తయారీదారు పేరు లేదు. ప్యాకెట్ మీద ఉన్న సీరియల్ నంబరు బిల్లు మీదకు ఎక్కలేదు. రేపు మీరు నాణెం పట్టుకెళ్తే ‘ఇది మేం అమ్మింది కాదు’ అనడానికి షాపుకు దారి తెరిచే ఉంది. నంబరు బిల్లులో ఉంటే ఆ మాట అనలేరు.

కొనేటప్పుడు కౌంటర్ దగ్గర నిలబడి ఇవి అడిగి రాయించుకోండి: ప్లాటినం అనే మాట పూర్తిగా, స్వచ్ఛత అంకెల్లో, నికర బరువు, తయారీదారు, సీరియల్ నంబరు, ఆ రోజు గ్రాము రేటు, తయారీ ఖర్చు విడిగా, 3 శాతం జీఎస్టీ విడిగా. తిరిగి కొంటామని సేల్స్‌మన్ నోటితో అంటే ‘అదే బిల్లు వెనక రాసి ముద్ర వేయండి బాబూ’ అనండి. ఏ రేటుకు కొంటారు, ఎంత కోస్తారు, నగదు ఇస్తారా, బదులు నగ తీసుకోమంటారా, ప్యాకెట్ సీలు తీస్తే చెల్లదా అన్నవి స్పష్టంగా ఉండాలి. నాణేన్ని మీ కళ్ల ముందే కాటా మీద పెట్టమనండి. ఆ కాటాకు తూనికలు కొలతల శాఖ ఇచ్చిన సర్టిఫికెట్ షాపులో కనిపించేలా ఉండాలి. జీఎస్టీ తగ్గుతుందని ఎస్టిమేషన్ స్లిప్పు మీదే కొనమని ఎవరైనా అంటే అక్కడ కొనకండి. బిల్లు ఇవ్వకపోవడమే 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ కింద అక్రమ వ్యాపార పద్ధతి. స్వచ్ఛత, బరువు, ధర తెలుసుకునే హక్కు అదే చట్టం 2(9) సెక్షన్‌లో ఉంది. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇంతగా చెప్పడానికి కారణం ఆ లోహం స్వభావమే. బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ప్లాటినానికి 1768 డిగ్రీలు కావాలి. మన ఊళ్లో కంసాలి దగ్గరుండే సరంజామాకు అది లొంగదు. గీటురాయి మీద బంగారాన్ని పోల్చినంత సులువుగా దీన్ని పోల్చడమూ కుదరదు. అందుకే చిన్న షాపులు కొనడానికి జంకుతాయి. అందులో ప్రతిసారీ దురుద్దేశం ఉండదు. ధర కూడా నిలకడ లేనిది. 2008 మార్చిలో ఔన్సు 2,200 డాలర్లు దాటింది, అదే ఏడాది చివరికి 800 డాలర్ల దరిదాపులకు పడిపోయింది. ధర పడిపోయిందని షాపు మీద కేసు నిలవదు. ‘ఎప్పటికీ తగ్గదు, గ్యారంటీ’ అని ప్రకటనలో వేసి అమ్మితే అది వేరే సంగతి. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పది లక్షల రూపాయల వరకు జరిమానా వేయగలదు. ఆ ప్రకటన కాగితం, ఫోన్‌కు వచ్చిన సందేశం పారేయకుండా దాచుకోండి.

నాణెం నిజమైనదేనా అన్న అనుమానం ఉంటే ఒక సులువైన పరీక్ష ఉంది. ప్లాటినం చాలా బరువైన లోహం. ఘన సెంటీమీటరు 21.45 గ్రాములు తూగుతుంది. పది గ్రాముల నాణేన్ని సన్నని దారంతో వేలాడదీసి నీళ్లలో ముంచి తూస్తే దాదాపు 0.47 గ్రాము తగ్గి కనిపించాలి. వెండి అయితే 0.95 గ్రాము తగ్గుతుంది, పల్లాడియం అయితే 0.83. బంగారంలో కలిపి మోసం చేసే టంగ్‌స్టన్ అయినా 0.52 దాకా తగ్గుతుంది కాబట్టి మంచి కాటా ఉంటే తేడా తెలిసిపోతుంది. అయితే దీనికోసం సీల్డ్ ప్యాకెట్ చించకండి. సీలు పోతే తిరిగి కొనే షరతు పోవచ్చు, నాణెం మార్చేశారని అవతలివాళ్లు వాదించవచ్చు కూడా. సీలు లేని నాణేలకే ఈ పరీక్ష. అదీ అనుమానం తీర్చుకోవడానికి మాత్రమే. కేసులో చెల్లేది ప్రయోగశాల నివేదిక.

ఆ నివేదిక తెప్పించే దారి వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉంది. పరీక్ష చేయనిదే లోపం తేలదనుకుంటే 38వ సెక్షన్ కింద వినియోగదారుల కమిషనే వస్తువును సీలు వేసి తగిన ప్రయోగశాలకు పంపుతుంది. 45 రోజుల్లో నివేదిక రావాలి. పరీక్ష రుసుము ముందు మిమ్మల్ని కట్టమనవచ్చు, గెలిస్తే ఖర్చుల కింద అడగవచ్చు.

ఫిర్యాదుకు ముందు షాపుకు రాతపూర్వకంగా నోటీసు పంపండి. రిజిస్టర్డ్ పోస్టు రసీదు ఉంచుకోండి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి బిల్లులో గడువు రాసి ఉంటే అది, లేకపోతే 30 రోజులు. తిరస్కరిస్తే అదీ అక్రమ వ్యాపార పద్ధతే. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. చాలా వివాదాలు అక్కడే తెగుతాయి. తెగకపోతే జిల్లా కమిషన్. మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపైతే కేసు అక్కడే. అయిదు లక్షల దాకా కోర్టు ఫీజు లేదు. లాయరును పెట్టుకోవాలనీ లేదు. షాపు హైదరాబాద్‌లో ఉండి మీరు శ్రీకాకుళంలో ఉంటే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. ఈ వెసులుబాటు 2019 చట్టంతో వచ్చింది, చాలామందికి ఇంకా తెలియదు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. తిరిగి కొంటామని రాసిచ్చి మాట తప్పితే ఆ తిరస్కరించిన రోజు నుంచి లెక్క. అందుకే కాదన్న మాటను కూడా కాగితం మీదో ఈమెయిల్‌లోనో తెప్పించుకోండి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించే అధికారం ఉంది, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. లాభానికి తిరిగి అమ్మడం కోసం, వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారు ఈ చట్టం కింద వినియోగదారులు కారు. ‘ఈయన పెట్టుబడి కోసం కొన్నాడు, వినియోగదారుడే కాదు’ అని షాపు లాయరు మొదటి రోజే వాదిస్తారు. భయపడనక్కర్లేదు. వ్యాపార ప్రయోజనం ఉందని నిరూపించాల్సింది అవతలి పక్షమేనని శ్రీరామ్ చిట్స్ కేసులో సుప్రీంకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది. పిల్లల చదువుకో పెళ్లికో ఒకటి రెండు నాణేలు దాచుకున్న కుటుంబం వ్యాపారి కాదు. మీరు ఎందుకు కొన్నారో ఫిర్యాదులో నిజం రాయండి.

అమ్మకం కుదిరాక పన్ను సంగతి. 2024 జులై 23 నుంచి ఉన్న నిబంధన ప్రకారం రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం, సెస్సు అదనం. రెండేళ్ల లోపైతే లాభం మీ మామూలు ఆదాయంలో కలుస్తుంది. యాభై వేలకు కొన్నది మూడేళ్ల తర్వాత ఎనభై వేలకు అమ్మితే పన్ను 3,750 రూపాయలూ దాని మీద సెస్సూ. యాభై వేలకు కొన్నానని నిరూపించేదీ ఆ బిల్లే. ‘ఇది దేవుడి దగ్గర పెట్టి పూజ చేసే నాణెం, సొంత వస్తువు, పన్నెందుకు?’ అని అడిగేవారున్నారు. దీపావళికి, వరలక్ష్మీ వ్రతానికి నాణేలు పెట్టి పూజించే ఇళ్లలో ఇది సహజమైన ప్రశ్నే. ఒక పూర్వ సంస్థానాధీశుడు లక్ష్మీపూజకు వాడే బంగారు, వెండి నాణేల విషయంలో ఇదే వాదన చేశారు. 1976లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నిత్యం ఒంటికి దగ్గరగా వాడుకునే వస్తువులే సొంత వాడకం కిందకు వస్తాయని తేల్చింది. ఐటీ సోదాల్లో వివాహిత దగ్గర 500 గ్రాముల దాకా నగలు స్వాధీనం చేసుకోరాదన్న 1994 నాటి ఆదేశాన్ని కూడా నాణేలకు అన్వయించుకోకండి. అది బంగారు నగలకు మాత్రమే. రెండు లక్షలు, అంతకు మించిన మొత్తాన్ని ఒకేసారి నగదుగా తీసుకోవడం అమ్మిన వ్యక్తికైనా నేరుగా జరిమానా తెచ్చే పని. తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా కట్టాల్సి రావచ్చు. నాణెం అమ్మినప్పుడు ఆ వ్యక్తి మీరే కాబట్టి డబ్బు బ్యాంకు ఖాతాలోనే వేయమనండి.

నాణేన్ని అమ్మకుండా బ్యాంకు లాకర్లో పెడితే ఇంత విలువైనది పెట్టామని బ్యాంకు దగ్గర లెక్క ఉండదు. దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల దాకానే అని రిజర్వు బ్యాంకు 2021లో నిర్దేశించింది. అద్దె మూడు వేలైతే మూడు లక్షలు. అంతకు మించి దాచేవారు బీమా చూసుకోవాలి.

అమెరికాలో ఉన్న పిల్లలు నాణెం తెస్తామంటే, విమానాశ్రయంలో నగలకు ఇచ్చే సుంకం మినహాయింపు నాణేనికి వర్తిస్తుందనుకోకుండా రెడ్ ఛానల్‌లో చూపించమనండి. దాచి దొరికితే నాణెం జప్తు కావచ్చు. ఇటు నుంచి వెళ్లేవారికి ఇంకో మాట. ఇంట్లో ఉన్న నిజాం కాలపు బంగారు నాణేలకు (అష్రఫీలకు) నూరేళ్లు నిండి ఉంటే అవి 1972 పురావస్తువుల చట్టం కిందకు వస్తాయి. మనవడికి కానుకగానైనా దేశం దాటించడం నేరం.

చివరిగా, నెల నెలా కట్టించుకునే పథకాలు. నగల షాపుల పథకాలు సాధారణంగా పదకొండు నెలలకే ముగియడానికి కారణం, వస్తువు కోసం తీసుకున్న ముందస్తు సొమ్ముకు 365 రోజుల్లో వస్తువు ఇవ్వకపోతే అది డిపాజిట్ కిందకు వచ్చేస్తుందన్న నిబంధన. ఏడాది దాటే పథకమైనా, నాణెం మీకివ్వకుండా ‘మా దగ్గరే ఉంచండి, నెలకింత ఇస్తాం’ అన్నా, అది క్రమబద్ధం కాని డిపాజిట్లను నిషేధించిన 2019 చట్టం పరిధిలోకి వెళ్లే అవకాశం ఎక్కువ. ఇంకో నలుగురిని చేర్పిస్తే కమిషన్ అంటే 1978 నాటి గొలుసుకట్టు పథకాల నిషేధ చట్టం వర్తిస్తుంది. ఇలాంటి వాటిలో డబ్బు పెట్టినవారు వినియోగదారుల కమిషన్ కంటే ముందు పోలీసు స్టేషన్‌కు వెళ్లాలి. రసీదులు, వాట్సాప్ సందేశాలు, డబ్బు పంపిన బ్యాంకు వివరాలు, చేర్పించిన వ్యక్తి ఫోన్ నంబరు వెంట తీసుకెళ్లండి. అదే పథకంలో ఉన్న మిగతావారితో కలిసి వెళ్లండి. నిర్వాహకుల ఆస్తులను జప్తు చేసి బాధితులకు పంచే ఏర్పాటు 2019 చట్టంలోనూ, మన రెండు రాష్ట్రాల్లో అమల్లో ఉన్న 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టంలోనూ ఉంది. ఆస్తులు చేతులు మారకముందే ఫిర్యాదు నమోదైతేనే ఆ ఏర్పాటు పనిచేస్తుంది.