ఫిజియోథెరపీ విద్య : అందలి పని, చదువు, జీవనోపాధి

జీవశాస్త్రమునందు అభిరుచిగల విద్యార్థులను మీరేమి చదువదలచితిరని అడిగినచో, పెక్కురు వైద్యవిద్య అని తడువుకొనక బదులు చెప్పుదురు. వైద్యుడన మందు వ్రాయువాడు, లేక కత్తి పట్టువాడు అని మాత్రమే మనవారి తలంపు. విరిగిన ఎముక అతికిన పిదప ఆ కాలు మరల నడచునట్లు చేయువారెవరు? పక్షవాతముచే పడిపోయిన చేయి మరల అన్నపు ముద్దను నోటికెత్తునట్లు నేర్పువారెవరు? ఈ ప్రశ్న వేసినచో తరగతిలో సగముమంది మిన్నకుందురు. ఆ పని చేయు విద్యకే ఫిజియోథెరపీ అని పేరు. వ్యాయామము, చేతిస్పర్శ, వేడిమి, శీతలము, విద్యుచ్ఛక్తి మున్నగువాని సాయమున శరీరపు కదలికను నిలుపుటయు, పోయినదానిని వీలైనంత మరల తెచ్చుటయు దీని ప్రయోజనము. ఇందు మందుబిళ్ళ లేదు, కోత లేదు.

తల్లిదండ్రులలో కొందరు దీనిని "కాళ్ళు పిసుకు పని" అని తేలికగా పలుకుట కద్దు. ఇట్టి చులకన మన దేశమున పుట్టినది కాదు. 1894లో లండను నగరమున నలుగురు నర్సులు కూడి, మర్దనమను పేర జరుగుచుండిన అక్రమములవలన తమ వృత్తికి కలిగిన అపకీర్తిని బాపుటకై ఒక సంఘమును స్థాపించిరి. పరీక్ష పెట్టి, ఉత్తీర్ణులైనవారికే పట్టమిచ్చి, వైద్యుని ఆదేశము లేనిదే రోగిని ముట్టరాదని నియమము చేసిరి. 1920లో ఆ సంఘమునకు రాజశాసనము లభించెను. 1944లో ఫిజియోథెరపీ అను పేరు దానికి చేరెను. మొదటి ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులును, పోలియోచే కాళ్ళు చచ్చుబడిన బిడ్డలును ఈ విద్య విలువను లోకమునకు తెలిపిరి. మన దేశమున దీని తొలి కళాశాల 1950ల ఆరంభమున బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రియందు వెలసెను. భారతీయ ఫిజియోథెరపిస్టుల సంఘము 1955లో ఏర్పడెను. చూడగా ఈ వృత్తి మన తాతల కాలపుదే కాని అంతకు ప్రాతది కాదు.

మనకు మిక్కిలి సమీపమున నున్న ఉదాహరణము డిచ్‌పల్లి. కామారెడ్డిలో రైలెక్కి నిజామాబాదు పోవువారందరును ఆ స్టేషను చూచినవారే. అచ్చట 1915లో కుష్ఠరోగుల కొరకు విక్టోరియా ఆసుపత్రి నెలకొల్పబడెను. స్కాట్లండు నుండి వచ్చిన డాక్టరు ఇసబెల్ కెర్ దొరసానియు, ఆమె భర్త జార్జి కెర్ దొరయు దానికి మూలస్తంభములు. నిజామాబాదువాస్తవ్యుడును, హిందూమతస్థుడును అగు రాజా నర్సాగౌడు దానికి ధనసాయము చేసెను. ఆ దినములలో చాల్‌మూగ్రా జాతి నూనెను సూదిద్వారా ఎక్కించుటయే ముఖ్య చికిత్స. తరువాత సల్ఫోను మందులు వచ్చెను. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పలుమందులను కలిపి ఇచ్చు పద్ధతిని విధించెను. నేడు ఆ రోగము ఆరునెలలు మొదలు సంవత్సరములోపల కుదురును.

అయితే రోగము కుదిరినను చేయి కుదురునా? ఇచ్చటనే మన విషయము మొదలగును. మోచేతి వెనుక ఎముకసందున దేనికైన తగిలినచో జివ్వుమని చిటికెనవ్రేలివరకు ప్రాకు నరమును మీరెల్లరు ఎరుగుదురు. కుష్ఠసూక్ష్మజీవి ఆ నరమును చెరచును. అంతట అరచేతిలోని చిన్న కండరములు చచ్చుబడి, చిటికెనవ్రేలును ఉంగరపువ్రేలును పక్షిగోళ్ళవలె వంగిపోవును. పైగా స్పర్శ యుండదు. కాలెడి గిన్నెను పట్టుకొన్నను నొప్పి తెలియదు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన పాల్ బ్రాండు అను శస్త్రవైద్యుడు ఈ రోగులను శ్రద్ధతో పరిశీలించి, వ్రేళ్ళు రోగముచే కుళ్ళి రాలుట లేదనియు, నొప్పి తెలియనందున కాలి, కోసుకొని, పుండ్లుపడి హరించుచున్నవనియు కనుగొనెను. అంతకుముందు లోకులు నమ్మినది దీనికి విరుద్ధము. ఒక్క ఈ సంగతి తెలిసినంతనే చికిత్స తీరు మారిపోయెను. పాదమునకు తగిన మెత్తని చెప్పులు, వంటపాత్రలకు కఱ్ఱపిడులు, ప్రతిదినము చేతులను కాళ్ళను కంటితో చూచుకొను అలవాటు, ఇవియే మందులాయెను.

బ్రాండు మరియొక పని చేసెను. చచ్చుబడిన కండరమునకు మారుగా, ఆరోగ్యముగానున్న మరియొక కండరపు స్నాయువును త్రిప్పి వంగిన వ్రేళ్ళకు కుట్టెను. బాలురారా, ఇందలి చిక్కును ఆలోచింపుడు. మణికట్టును పైకెత్తుటకు పుట్టిననాటినుండి అలవడిన కండరము ఇప్పుడు వ్రేళ్ళను చాపవలయును. కుట్టు బాగుగా అతికినను, మెదడునకు ఆ సంగతి ఎట్లు తెలియును? రోగి "వ్రేళ్ళు చాపుము" అని తన చేతికి ఆజ్ఞాపించును. చేయి కదలదు. అప్పుడు ఫిజియోథెరపిస్టు ప్రక్కన కూర్చుండి, "మణికట్టు ఎత్తుము" అని చెప్పును. ఎత్తబోగా వ్రేలు కదలును! అట్లు దినదినమును, మొదట బలము లేని కదలిక, పిమ్మట దూదియుండ పట్టుట, ఆ తరువాత గ్లాసు పట్టుట, తుదకు కలము పట్టుట నేర్పవలయును. శస్త్రచికిత్సకు ముందుగూడ కొన్ని వారములు నూనెమర్దనముచేతను, మైనపు వేడిచేతను బిగిసిన కీళ్ళను సడలింపవలయును. బిగిసిన కీలుపై ఎంత నేర్పరి కుట్టినను ఫలము సున్న. శస్త్రవైద్యుని పని ఒక పూటలో ముగియును. దానికి ముందును వెనుకను నెలలతరబడి సాగు పని మాత్రము వేరొకరిది.

ఇక మన తాలూకాల సంగతి. ఎల్లారెడ్డి ప్రాంతమున వరి విస్తారము. నాట్లు వేయు స్త్రీలు ఉదయమునుండి సాయంకాలమువరకు నడుము వంచి నిలుతురు. కామారెడ్డి, నిజామాబాదు జిల్లాలలో ఇంటింట బీడీలు చుట్టు స్త్రీలు మెడవంచి, చేటను ఒడిలో పెట్టుకొని గంటలకొలది కదలక కూర్చుందురు. మెడనొప్పి, వ్రేళ్ళ తిమ్మిరి, మోకాళ్ళ పోటు వారికి నిత్యము. గల్ఫు దేశములకు కూలికి పోయి, అచ్చట మెట్లపైనుండి పడి మంచముపై తిరిగివచ్చినవారిని చూడని గ్రామము ఈ ప్రాంతమున అరుదు. పెద్ద రహదారిపై మోటారు ప్రమాదముల మాట చెప్పనక్కరలేదు. వీరందరికి మందు కొంతవరకే పనిచేయును.

పక్షవాతము వచ్చినవారిని గూర్చి ఒక మాట ఇంటివారెల్లరు ఎరుగదగును. చచ్చుబడిన చేతిని పట్టుకొని లాగి రోగిని లేపరాదు. భుజపు కీలును నిలుపు కండరములకు బలము లేనప్పుడు, లాగినంతనే ఎముక గూటినుండి జారును. పిదప ఆ నొప్పిచే రోగి వ్యాయామమునకే అంగీకరింపడు. నడుమునకు ఆసరాయిచ్చి లేపవలయును. పరుండినప్పుడు ఆ చేతిక్రింద దిండు పెట్టవలయును. తొలి నెలలలో మెదడు క్రొత్త త్రోవలు వెదకుకొనుటకు ఎక్కువ సమర్థత కలిగియుండును. కాని "కొంచెము బలము రానిండు, తరువాత చూతము" అని మనవారు ఆ నెలలనే పోగొట్టుదురు. ఇది అశ్రద్ధ యనుటకు నాకు మనసొప్పదు. ఎల్లారెడ్డికి ఆవలి పల్లెనుండి రోగిని ఆటోలో పరుండబెట్టి ప్రతిదినము పట్టణమునకు తెచ్చుటయన, ఒకరి కూలియు కిరాయియు రెండును పోవుటయే. కావున పల్లెలలో పనిచేయగోరు ఫిజియోథెరపిస్టు రోగికంటె ముందు రోగి భార్యకో, కోడలికో వ్యాయామము నేర్పవలయును. మంచపు కోడు, తలుపు గడియ, నీళ్ళచెంబు, ఇవియే అతని యంత్రములు కావలయును.

ఈ విద్యలో కొలతలు కలవని విద్యార్థులు గుర్తింపవలయును. కీలు ఎంత వంగుచున్నదో గోనియోమీటరు అను కోణమాపకముతో కొలుతురు. రేఖాగణితమునందలి కోణమాపకమునకు రెండు చేతులు తగిలించినట్లుండును. ఆరోగ్యవంతుని మోకాలు ఇంచుమించు 135 డిగ్రీలు వంగును. కుర్చీలో కూర్చుండుటకు 90 చాలును గాని, నేలపై బాసిపెట్లు వేసికొనుటకు చాలదు. కండరబలమునకు 0 నుండి 5 వరకు అంకెలు గలవు. 0 అన కదలిక బొత్తిగా లేదు. 3 అన భూమ్యాకర్షణకు ఎదురుగా చేతిని ఎత్తగలడు గాని, పైన వ్రేలితో నొక్కినచో నిలుపలేడు. 5 అన పూర్ణబలము. నేడు 2 ఉన్నది పదునైదు దినములకు 3 అయినచో చికిత్స సాగుచున్నదని అర్థము. కాకున్నచో పద్ధతి మార్చవలయును.

చదువు సంగతికి వత్తము. పదవతరగతి పిమ్మట ఇంటర్మీడియటులో జీవ, భౌతిక, రసాయన శాస్త్రములు తీసికొనవలయును. పిదపటి పట్టమునకు బి.పి.టి. అని పేరు. ఇంతకాలము అది నాలుగేండ్ల చదువును, ఆరునెలల ఆసుపత్రి శిక్షణమును కలిసి నాలుగున్నర సంవత్సరములు. 2025లో ప్రకటింపబడిన క్రొత్త పాఠ్యప్రణాళికలో శిక్షణము ఒక సంవత్సరమై మొత్తము ఐదేండ్లైనది. తెలంగాణమున ఈ పట్టమును వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్యశాస్త్ర విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన కళాశాలలు నేర్పును. హైదరాబాదులో నిమ్సు సంస్థయందును ఈ చదువు కలదు. ఆ సంస్థ తొలుత నిజాము ఎముకల ఆసుపత్రిగా వెలసినది గనుక ఈ విద్యకు అది తగిన చోటే. ప్రవేశ నియమములు మారుచుండును గావున, ఆ యేటి ప్రకటనను స్వయముగా చదువుకొనవలయును. పొరుగువాని మాట నమ్మరాదు.

తొలియేట శరీరనిర్మాణశాస్త్రమే గొప్ప పరీక్ష. ఏ కండరము ఏ ఎముకనుండి బయలుదేరి ఎచ్చట తగులుకొనునో, ఏ నరము దానిని నడపునో కంఠస్థము కావలయును. పిమ్మట శరీరధర్మశాస్త్రము, రోగవిజ్ఞానము, వ్యాయామచికిత్స, విద్యుచ్చికిత్స, కదలికలోని యంత్రశాస్త్రము వచ్చును. మీటలను గూర్చి భౌతికశాస్త్రమున చదివినదంతయు మోచేతియందు మరల కనబడును. తరువాత ఎముకలు, నరములు, గుండె ఊపిరితిత్తులు, బాలరోగులు, గ్రామసేవ అను విభాగములు. బి.పి.టి. ముగిసినపిదప రెండేండ్లు చదివి ఎం.పి.టి.లో ఒక శాఖను ఎంచుకొనవచ్చును. ఇంటర్మీడియటులోనే ఫిజియోథెరపీ అను వృత్తివిద్యా శాఖ యొకటి కలదు. అది మెట్టు మాత్రమే. దానితో ఫిజియోథెరపిస్టునని బోర్డు కట్టుట తగదు.

ఉద్యోగములు పలువిధములు. ఆసుపత్రులలో ఎముకల విభాగము, నరముల విభాగము, ఊపిరాడనివారి అత్యవసర విభాగము గలవు. జిల్లా కేంద్రములలో పుట్టుకతో లోపముగల పసిబిడ్డలను చూచు కేంద్రములును, మండలములలో అంగవైకల్యముగల విద్యార్థులకై భవిత కేంద్రములును గలవు. ఆటగాండ్ర జట్లు, వృద్ధుల యిండ్లు, కళాశాలలో బోధన, సొంత చికిత్సాలయము మరికొన్ని మార్గములు. కామారెడ్డి 2016లో జిల్లా అయ్యెను. 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలయు వచ్చెను. ఇట్టిచోట శస్త్రచికిత్సలు పెరుగుకొలది వాని వెనుక నడక నేర్పువారి అవసరమును పెరుగక తప్పదు. విదేశములకు పోగోరువారు ఆ దేశపు నియమములనుబట్టి వేరుగా నమోదు పొందవలయును. ఇంగ్లండులో ఆరోగ్యవృత్తుల మండలి పట్టికలో పేరు చేరనిదే ఈ వృత్తిపేరు వాడుకొనుట నేరము. అమెరికాలో పట్టమును సరిచూచి, పిదప ప్రత్యేక పరీక్ష పెట్టుదురు.

జీతము మాట దాచుట మంచిదికాదు. మొదటి రెండు మూడేండ్లు ప్రైవేటు ఆసుపత్రులలో వేతనము కొంచెమే. చేయి తిరిగి, రోగులు పేరు చెప్పుకొని వచ్చునప్పుడే ఆదాయము పెరుగును. అప్పుచేసి అధికశుల్కముగల కళాశాలలో చేర్చు తండ్రి ఈ లెక్క ముందే వేసికొనవలయును. కళాశాలకు విశ్వవిద్యాలయపు అనుబంధము గలదా, దానికి తగిన ఆసుపత్రి గలదా, అందు పడకలపై రోగులున్నారా అని పోయి కన్నులార చూడవలయును. రోగులులేని ఆసుపత్రిలో నేర్చుకొన్నవాడు ఈతను ఒడ్డున నేర్చినవానివంటివాడు. 2021లో కేంద్రప్రభుత్వము అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమీషనును ఏర్పరచు చట్టము చేసెను. ఫిజియోథెరపీ ఆ చట్టము క్రిందికి వచ్చినది. పట్టము పొందినవారి పేర్లు పట్టికలలో నమోదుచేయవలయునని అందు కలదు.

ఈ వృత్తికి తగినవారెవరు? బలశాలురే కావలయునను మాట సరికాదు. స్త్రీలు ఈ విద్యను స్థాపించినవారు, నేడును మిక్కుటముగా నేర్చుచున్నారు. బరువు ఎత్తుట బలముకంటె నేర్పుమీద ఆధారపడును. కావలసినది ఓర్పు. ఒకే వ్యాయామమును ఒకే ముసలవ్వకు నలువది దినములు చెప్పవలయును. నలువదియొకటవ దినమున ఆమె "నావల్ల కాదు బిడ్డా" అనును. అప్పుడు విసుగక, నిన్నటికంటె రెండు డిగ్రీలు ఎక్కువ వంగినదని కోణమాపకము చూపి చెప్పగలవానికి ఈ చదువు తగును. ఈ సెలవులలో వీలున్న విద్యార్థులు పెద్దల అనుమతితో దగ్గరి ఆసుపత్రిలోని ఫిజియోథెరపీ గదికి పోయి, ఒక పూట మౌనముగా కూర్చుండి చూడవలయును. పట్టిక వ్రాసికొని పోయి, ఒక్క రోగి మోకాటి కోణము నెలలో ఎట్లు మారినదో అడిగి తెలిసికొనగలిగినచో, ఇంటర్మీడియటులో ఏ శాఖ తీసికొనవలయునో వారికే తోచును.