పంటి గార

చార్మినారు గోడలపై నాలుగు వందల యేండ్లకు పైగా నిలిచియున్న సున్నపు పనిని గార యందురు. మన పండ్ల మొదళ్ళయందు పసుపు రంగున పేరుకొని గట్టిపడు పదార్థమును సైతము గార యనియే యందుము. మాట యొకటే యగుటవలననే కాబోలు, గోడకు గార యెట్లు రక్షణయో పంటికిని నట్లే బలమని, దానిని తీయించినచో పండ్లు కదలి యూడిపోవునని పెక్కుమంది నమ్ముచున్నారు. ఈ నమ్మకము తప్పని చూపుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా వాడకట్టున నొక పెద్దయ్య యుండెను. ఆయన చిగుళ్ళనుండి నెత్తురు కారుచుండెను. నోటి దుర్వాసనకు సిగ్గుపడి నలుగురిలో మాటలాడునపుడు తువ్వాలు నడ్డము పెట్టుకొనెడివాడు. నయాపూలు దాటి అఫ్జల్‌గంజిలోని ప్రభుత్వ దంత వైద్యశాలకు పోదము రమ్మని మేము పలుమారు పిలిచితిమి. "గార తీస్తే పండ్లన్నీ ఊడతయి బిడ్డా, ఉన్నన్ని దినాలు ఉండనీ" అని యాయన యనెడివాడు. నాలుగేండ్లలో క్రింది ముందు పండ్లు ఒక్కొక్కటిగా వాటియంతట నవియే యూడినవి. ఒక దినమున ఊడిన పంటిని అరచేత బెట్టుకొని మాకు చూపెను. వేరు చివరిదాక నల్లని గార పట్టియుండెను. ఆ పంటికి పుచ్చు లేదు, పగులు లేదు. దానిని పట్టియుంచవలసిన యెముకయే కరగిపోయినది.

ఇట్లేల జరుగును? గార పుట్టుకనుండి చూతము. పండ్లు తోమిన కొంతసేపటికే పంటిపై లాలాజలమునుండి పలుచని పొర యేర్పడును. దానిపై సూక్ష్మజీవులు చేరి పెరుగును. ఆ మెత్తని జిగటయే పాచి. హాలెండు దేశమున డెల్ఫ్టు నగరపు బట్టల వర్తకుడైన లీవెన్‌హుక్ తన పండ్ల సందులనుండి తీసిన పాచిని తాను చేసికొన్న భూతద్దముతో పరీక్షించి, అందు చిన్న ప్రాణులు కదలుచున్నవని 1683వ సంవత్సరమున లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. పాచిని దినదినము తుడిచివేసినచో చిక్కు లేదు. మిగిలిపోయిన పాచిలో లాలాజలమందలి కాల్షియము, ఫాస్ఫేటు చేరుటచే నది కొలది దినములలోనే గట్టిపడ నారంభించును. గట్టిపడిన పాచియే గార. క్రింది ముందు పండ్ల లోపలి వైపునను, పై దవడపండ్ల చెంప వైపునను నిది హెచ్చుగా నుండును. లాలాజల నాళములు తెరచుకొనుట యా చోటులకు దగ్గరనే గదా. చదువరులు నాలుక కొనతో క్రింది ముందు పండ్ల వెనుక తడవి చూచుకొనవచ్చును.

గార గరుకుగా నుండుటచే దానిపై క్రొత్త పాచి సులువుగా నిలుచును. కుంచెయు పుల్లయు దానిని కదల్ప జాలవు. పాచిలోని జీవులను పారద్రోలుటకు శరీరము చిగుళ్ళకు నెత్తురును హెచ్చుగా పంపును. చిగుళ్ళు ఎఱ్ఱబారి, ఉబ్బి, తాకినంతనే నెత్తురు కారును. ఇది జబ్బుయొక్క మొదటి మెట్టు. నెత్తురు వచ్చుచున్నదని జనులు ఆ చోట తోముట మానుదురు. నిప్పంటుకొన్న కప్పుపై నీరు పోయక యూరకుండుట వంటిది ఈ పని.

ఈ మొదటి మెట్టు పూర్తిగా నయమగునని డెన్మార్కు దేశమున ఆర్హుస్ నగరమందు హరాల్డ్ లోయె యను ఆచార్యుడును, ఆయన సహచరులును 1965లో నిరూపించిరి. చిగుళ్ళు బాగుగానున్న పండ్రెండుగురు పండ్లు తోముట మానివేసిరి. వారిలో పెక్కుమంది దంతవైద్య విద్యార్థులే. పది దినములనుండి ఇరువదియొక్క దినములలోపల అందరికిని చిగుళ్ళు వాచినవి. మరల తోముట మొదలిడినపుడు సుమారు వారము దినములలో ఆ వాపు తగ్గిపోయెను. మందు లేమియు నక్కరలేకపోయెను.

రెండవ మెట్టు ఇంత సులువు కాదు. గార చిగురు క్రిందికి దిగినపుడు చిగురు పంటిని విడిచి సంచివలె నగును. లోపల యెముక కరగును. అట్లు కరగిన యెముక సామాన్యముగా తిరిగి రాదు. నొప్పియు నుండదు గనుక రోగి యెరుగడు. ఇదే లోయె మరికొందరితో కలిసి సింహళ ద్వీపమున తేయాకు తోటల కూలీలను నాలుగు వందల ఎనుబది మందిని 1970 మొదలు 1985 వరకు పరీక్షించుచు వచ్చెను. వారికి పండ్లు తోముకొను వాడుకగాని, దంతవైద్యుని సాయముగాని లేదు. అందరి పండ్లయందును పాచియు గారయు మెండుగా నుండెను. అయినను నూటికి పదునొకండుగురికి జబ్బు చిగుళ్ళను దాటి పోలేదు. ఎనుబదియొక్కరికి మెల్లమెల్లగా ముదిరెను. ఎనమండుగురికి అతివేగముగా ముదిరి, నలువదియైదేండ్లకు పండ్లు దాదాపు అన్నియు పోయెను. "మా తాత యేనాడును తోమలేదు, పండ్లు రాళ్ళవలె నుండెను" అని చెప్పువారి తాత యా పదునొకండుగురిలోని వాడై యుండవచ్చును. మనము ఏ లెక్కలో చేరుదుమో ముందుగా నెట్లు తెలియును?

ఇక గార తీయు విధానము. వైద్యులు దీనిని స్కేలింగు అందురు. మొదట గీతలుగల సన్నని కొలపుల్లతో చిగురునకు పంటికి నడుమగల లోతును కొలుతురు. ఒకటి మొదలు మూడు మిల్లీమీటర్ల వరకు ఆరోగ్యము. అంతకు మించిన లోతును, నెత్తురును గలచోట శ్రద్ధ వలయును. తరువాత నొక యంత్రపు మొనను గారకు ఆనింతురు. ఆ మొన క్షణమునకు ఇరువది వేల సారులకు మించి అదరును. మన చెవికి సన్నని కూత మాత్రము వినబడును. మొన వేడెక్కకుండ నీరు కారుచుండును. గార పెళ్ళలుగా విడిపోవును. చిగురు క్రిందిదానిని సన్నని వంపు పనిముట్లతో చేతితో తీసి, వేరును నునుపు చేయుదురు. లోతు హెచ్చుగా నున్నచో మొద్దుబారుటకు సూదిమందిత్తురు. పంటి పైపొర శరీరములోనెల్ల కఠినమైన పదార్థము. నేర్పుగల చేతిలో నీ పనిముట్ల వలన దానికి చెరుపు రాదు.

అయితే పెద్దయ్య మాట యెచ్చటనుండి వచ్చినది? గార తీసిన పిమ్మట పన్ను కదలినట్లు తోచుట కొందరి విషయమున నిజమే. యెముక కరగిన పండ్లను గార ఒకదానితో నొకటి అతికించి పట్టియుంచును. అది పోగానే దాగియున్న కదలిక బయటపడును. వాపు తగ్గి చిగురు క్రిందికి దిగుటచే పండ్ల నడుమ సందులు నాలుకకు తగులును. కొన్నాళ్ళు చన్నీరు జివ్వుమనును. వీనినే చూచి జనులు వైద్యుని నిందింతురు. చిగురు మరల పంటిని కరచుకొన్నచో కొంత కదలిక తగ్గుటయు గలదు.

పాతబస్తీవారికి ఈ చికిత్స దూరము కాదు. చార్మినారునుండి పత్తర్‌గట్టి మీదుగా మదీనా దాటి, నయాపూలుపై మూసీని దాటినచో అఫ్జల్‌గంజి. ఉస్మానియా ఆసుపత్రి గోపురము కనబడు నా ప్రాంతముననే 1959లో నేర్పడిన ప్రభుత్వ దంత కళాశాల, వైద్యశాల కలవు. పండ్లు శుభ్రపరచుటకే ప్రత్యేకముగా శిక్షణ పొందినవారిని పుట్టించినది అమెరికా దేశము. బ్రిడ్జిపోర్టు నగర దంతవైద్యుడు ఆల్ఫ్రెడ్ ఫోన్స్ 1906లో తన సహాయకురాలగు ఐరీన్ న్యూమను కీ పని నేర్పి, 1913లో పాఠశాలయే పెట్టెను. అందు నేర్చినవారు ఆ నగరపు బడిపిల్లల పండ్లు శుభ్రము చేయ బోయిరి. మన దేశపు 1948నాటి దంతవైద్యుల చట్టమునందును డెంటల్ హైజీనిస్టు అను పేర నిట్టివారికి స్థానము కల్పింపబడెను. అయినను వారి సంఖ్య తక్కువ గనుక మనకడ నీ పని సాధారణముగా దంతవైద్యులే చేయుదురు. దారిప్రక్కన పెట్టె పరచుకొని కూర్చుండువారికి నోరప్పగించుట మాత్రము ప్రమాదము. శుద్ధిచేయని పనిముట్లు ఒకరి రోగమును వేరొకరికి అంటించును.

ఇంటిలో చేయవలసినది కొంచెమే. కుంచె మెత్తనిదై యుండవలెను. దానిని చిగురు అంచున వాలుగా నానించి రెండు నిమిషములు, ఉదయమును రాత్రియు. పండ్ల సందులకు దారమో సన్నని సందుకుంచెయో కావలయును. మక్కా మసీదు చెంత నమ్ము మిస్వాకు పుల్లయు, మన వేపపుల్లయు మంచివే. కొనను నమలి మెత్తపరచి చిగురునుండి పంటి కొనవైపు త్రిప్పవలెను. రంపముతో కోసినట్లు అడ్డముగా లాగినచో పంటి మెడ యరిగిపోవును. బొగ్గు, ఇటుకపొడి, గరుకు ఉప్పు చేయునదియు నదియే. పాను, జర్దా, గుట్కా నమలువారి చిగుళ్ళు ఆ ముద్ద నుంచు చోట క్రుంగిపోవును. నోటి పుండ్ల భయము వేరే యున్నది. పొగ త్రాగువారిలో నెత్తురు తక్కువగా కనబడుటచే జబ్బు మరుగున పడియుండును. మధుమేహము గలవారికి చిగుళ్ళ జబ్బు త్వరగా ముదురును. చిగుళ్ళ జబ్బు ముదిరిన చక్కెర యదుపు తప్పును. గర్భిణులు శుభ్రము చేయించుకొనరాదనుట వట్టి యపోహ.

నల్లగొండ ప్రాంతమునుండి వచ్చిన మా విద్యార్థులు కొందరు తమ పండ్లపైని గోధుమ మచ్చలు కూడ గారయేమో యని యడిగిరి. కాదు. అవి చిన్నతనమున త్రాగిన నీటిలోని ఫ్లోరైడు వలన పంటిలోనే పడిన మచ్చలు; స్కేలింగుచే పోవు. ఆ బిడ్డలు తోముకొనుటలో లోపమున్నదని యెవ్వరును ఎగతాళి చేయరాదు.

పెద్దయ్య గతించిన పిమ్మట పెద్దమ్మ మాతో అఫ్జల్‌గంజికి వచ్చెను. మూడు దఫాలుగా గార తీసిరి. మొదటి దినమున నుమ్మిన నెత్తురు చూచి యామె వణకి మా చేయి పట్టుకొనెను. నెల గడచుసరికి తోమునపుడు నెత్తురు నిలిచిపోయెను. కదలుచుండిన రెండు పండ్లు మాత్రము దక్కలేదు. మొన్న మరల కొలిచినపుడు పెక్కు చోటుల మూడు మిల్లీమీటర్లే యుండెను. ఒక వెనుకటి దవడపంటి యొద్ద ఐదు. తక్కినవారివలె ఆరు నెలలకు గాక, మూడు నెలలకే మరల రావలెనని వైద్యురాలు చీటీపై వ్రాసెను. పెద్దమ్మ యా చీటీని తమలపాకుల డబ్బాలో దాచుకొన్నది. డబ్బాలో నాకులు లేవు.